గురువారం వ్యాను

మా వైపు ఒకరింటికి ఇంకొకరు ఊరికే వెళ్లరు. పని ఉండాలి. రెంచి అడగడానికో, మొన్న ఏదో వండి పంపిన గిన్నె తిరిగివ్వడానికో వెళ్లాలి. వట్టి చేతులతో గుమ్మమెక్కితే ఎవరు పోయారోనని అవతలివాడి మొహం పాలిపోతుంది. అమెరికా ఉత్తరపు అంచున ఉన్న మా నార్త్ డకోటాలో ఇళ్లు దూరం, మనుషులు ఇంకా దూరం. ఈ పద్ధతి ఎవడు పెట్టాడో గానీ వాడికి నా అన్నవాళ్లు ఉండి ఉండరు.

నేను మాజీ సైనికుల వ్యాను నడిపేవాణ్ణి, జీతం లేకుండా. ప్రతి గురువారం పొద్దున్నే చుట్టుపక్కల ముసలి సైనికుల్ని ఎక్కించుకుని ఫార్గో ఆసుపత్రికి తీసుకెళ్లి, సాయంత్రానికి ఎవరింటి దగ్గర వాళ్లని దింపాలి. మా ఆవిడ పోయాక వారంలో నేను గడ్డం గీసుకునేది ఆ ఒక్కరోజే. వ్యాను నిండుగా వెళ్లిన రోజులూ ఉన్నాయి. తర్వాత కొందరు పోయారు, కొందరు పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. చివరికి ఆర్విడ్ టాఫ్ట్ ఒక్కడు మిగిలాడు. వియత్నాంలో రేడియో మోసినవాడు. పెళ్లి చేసుకోలేదు. గోధుమచేలు కౌలుకిచ్చి ఒక్కడే ఉంటున్నాడు.

దారిలో పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. సగం దూరంలో ఒక చిన్న హోటల్ దగ్గర ఆగి, కాఫీ తాగి, రూబార్బ్ కాడలు పెట్టి కాల్చిన పుల్లతీపి 'పై' చెరో ముక్క తినేవాళ్లం. వ్యాను దిగేటప్పుడు ఆర్విడ్ ఎప్పుడూ ఒకటే అనేవాడు. "యుద్ధంలో చావకుండా వచ్చింది నీ డ్రైవింగులో పోవడానికే వెండెల్." వారం మొత్తానికి ఒక మనిషి నాతో అన్న మాట అదొక్కటే అయిన వారాలున్నాయి.

సెనేటర్ మార్లిస్ క్వామ్ మా పక్క ఊరి రైతు కూతురు. వాషింగ్టన్ వెళ్లి మమ్మల్ని మర్చిపోయే రకం కాదు. ఎయిర్ బేస్ మూతపడకూడదని, పల్లెలకి ఇంటర్నెట్ రావాలని, మాజీ సైనికులకి వైద్యం దగ్గర్లో దొరకాలని ఏళ్ల తరబడి కొట్లాడింది. "బీపీ చూపించుకోవడానికి ముసలాయన మంచులో పడి అంత దూరం పోవాలా?" అని సభలో నిలదీసింది. చివరికి గెలిచింది. కేబుల్ మా పొలాల దాకా వచ్చింది. ఆర్విడ్ వంటింటి బల్ల మీద ఒక తెర పెట్టారు, డాక్టరు అందులోనే కనపడతాడు. ఎక్కేవాడు లేడని వ్యాను తీసుకెళ్లిపోయారు.

నేనూ అందరితో పాటు చప్పట్లు కొట్టాను. మంచి పనే కదా.

ఆ తర్వాతి గురువారం అలవాటుగా గడ్డం గీసుకుని, కోటు వేసుకుని, వంటింట్లో కూర్చున్నాను. పై వారం కోటు వేసుకోలేదు. ఇంకొన్నాళ్లకి గడ్డం కూడా మానేశాను. నాకు ఒంటరిగా ఉండేది, అంతే. రాత్రయితే చేల అవతల ఆర్విడ్ ఇంటి దీపం కనపడేది. ప్రయాణం తప్పింది కదా, హాయిగా ఉండి ఉంటాడనుకున్నాను. నా గురించి అతనూ అలాగే అనుకుని ఉంటాడు. వెళ్లి చూద్దామంటే పని లేదు. రెంచిలన్నీ నా దగ్గరే ఉన్నాయి.

చలికాలం చివర్లో ఆర్విడ్ సెనేటర్ ఆఫీసుకి ఫోన్ చేశాడు, తెర పాడైంది, మళ్లీ వ్యాను పంపండని. ఆమె ఆ వారం ఇటువైపే తిరుగుతోంది. తనే వస్తానంది. వ్యాను సంగతి కాబట్టి నన్నూ రమ్మంది. అలా నాకు పని దొరికింది.

మేం వెళ్లేసరికి ఆర్విడ్ ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. అది గురువారం చొక్కా, నాకు తెలుసు. బల్ల మీద థర్మాస్ కూడా ఉంది.

"ఏమైంది ఆర్విడ్ గారూ?" అంది సెనేటర్.

"చచ్చింది. మన చలి నీ మిషనుకి పడలేదమ్మాయ్."

ఆమె బల్ల కిందికి వంగి చూసి, వైరు పట్టుకుని లేచింది. అది ఊడిపోయిన వైరు కాదు. పొందిగ్గా చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఆమె ఆ చుట్టని చూసింది, ఆర్విడ్‌ని చూసింది. ఆర్విడ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తర్వాత ఆమె రబ్బరు బ్యాండు తీసి, వైరు గోడకి పెట్టింది. తెర వెలిగింది.

"బాగైంది," అంది నెమ్మదిగా.

"ముసలి బుర్ర, చూసుకోలేదు. థాంక్స్ అమ్మాయ్," అన్నాడు ఆర్విడ్.

బయట కారు దగ్గర ఆమె ఆగింది. "ఆయన సైన్యంలో రేడియో చూసిన మనిషి కదా వెండెల్ గారూ."

"అవును."

"నేను చేసింది తప్పా?"

"తప్పెందుకవుతుంది? మంచి పని."

"తెర పనిచేస్తుంటే వ్యాను కావాలని వాషింగ్టన్‌లో ఏ మొహం పెట్టుకుని అడగను? ఒంటరిగా ఉందని ఆయన ఒక్క ముక్క రాసిస్తే అడుగుతాను."

"ఆర్విడ్ అలా రాయడు."

"మీరు?"

"నేనూ రాయను," అన్నాను.

ఆమె కారెక్కి వెళ్లిపోయింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. నా మీద నాకు వచ్చింది.

గురువారం పొద్దున్నే గడ్డం గీసుకున్నాను. నా పికప్ తీసి ఆర్విడ్ వాకిట్లో హారన్ కొట్టాను. చాలాసేపటికి తలుపు తీశాడు.

"ఎవరు పోయారు?" అన్నాడు.

"ఎవరూ పోలేదు. కంబైన్‌కి బెల్టు కావాలి, ఫార్గో వెళ్తున్నా. బరువుంటుంది, ఇంకో చెయ్యి కావాలి."

పంట కోసే నా కంబైన్ మిషను వేలంలో అమ్ముడుపోయిన రోజు నా పక్కన నిలబడింది ఆర్విడే. గీసుకున్న నా గడ్డం వైపు కాసేపు చూశాడు.

"ఉండు, థర్మాస్ తెచ్చుకుంటా," అన్నాడు.

రోడ్డెక్కాం. పొలాల మీద మంచు ఇంకా కరగలేదు. సగం దూరంలో మా పాత హోటల్ వచ్చింది. పికప్ ఆపాక ఆర్విడ్ వెంటనే దిగలేదు.

"బెల్టు తెగిందంటే బేరింగులు కూడా పోయుంటాయి," అన్నాడు అద్దంలోంచి ముందుకు చూస్తూ. "వచ్చే గురువారం వాటికోసం రావాల్సి ఉంటుంది."

"రావాలి మరి," అన్నాను.