వెనక్కి నడక

పదమూడో చుట్టులో పెద్దావిడ ఆగింది. రత్తమ్మ కూడా ఆగింది. ఇద్దరి మధ్యా రెండడుగుల దూరం. పెద్దావిడ ముందుకు నడుస్తుంది. రత్తమ్మ ఆమెకు ఎదురుగా, రెండు చేతులూ చాచి, వెనక్కి నడుస్తుంది. నెల కిందటి దాకా మధ్యలో వాకర్ ఉండేది. ఇప్పుడు ఆ చేతులే ఉన్నాయి, వాటినీ పెద్దావిడ తాకడం లేదు.

సముద్రం నాలుగు వీధుల అవతల ఉండటం వల్ల సౌదీలోని దమ్మామ్‌లో తెల్లారేసరికే గాలి తడిగా ఉంది. వాకిట్లో ఏసీల నీళ్లు కారి మడుగు కట్టాయి. మడుగు ఎక్కడుందో, గచ్చు ఎక్కడ పైకి లేచిందో రత్తమ్మ తిరిగి చూడకుండానే చెప్పగలదు.

"బస్," అంది పెద్దావిడ, చాలన్నట్టు.

"ఇంగ రెండే మామా. ఎండొస్తే నువ్వే తిడ్తావు. యల్లా, నడువు."

ఇంటి పెద్దావిడను ఇక్కడ పనివాళ్లందరూ మామా, అంటే అమ్మా, అనే పిలుస్తారు. రత్తమ్మ తెలుగులో మాట్లాడుతుంది, ఆవిడ అరబ్బీలో బదులిస్తుంది. రెండేళ్లుగా అలాగే గడిచిపోయింది. రత్తమ్మ గడ్డం పైకెత్తింది. పెద్దావిడ కాలు కదిపింది.

ఆ గడ్డం సంగతి ఆసుపత్రిలో మొదలైంది. పెద్దావిడ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడు, మంచం మీద నుంచి మొదటిసారి లేపిన రోజున రత్తమ్మ చేతులు రెండూ ఆవిడ చంకల కింద ఉన్నాయి. నొప్పికి ఆవిడకు ఏ మాటా చెవికెక్కడం లేదు. గడ్డం ఎత్తి లెమ్మంది. ఆవిడ లేచింది. అప్పటి నుంచి ఆ సైగ లేకుండా లేవదు. కన్నకూతురు ఆయేషా బతిమాలినా లేవదు.

ఫ్రిజ్ తలుపు మీద ఆయేషా అంటించిన కాగితం ఉంటుంది. గుడ్డు, పెరుగు, మందు చుక్కలు, నడక, కుర్చీలోంచి లేవడం, అన్నీ బొమ్మలతో సహా. అమ్మకు ఇప్పుడు డెబ్బై నాలుగు. ఎనభై దాటాక కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బజారుకు వెళ్లాలని ఆ కూతురి కోరిక. నర్సును అడిగి, పుస్తకాలు చదివి వేసిన పథకం అది. రత్తమ్మ ముందుచూపు మాత్రం ఈ దేశంలో ఉండనిచ్చే తన ఇకామా కార్డు మీద ఉన్న తేదీ దగ్గర ఆగిపోతుంది. ఆ తేదీ ఈ నెలాఖరు.

నడక అయ్యాక ఆమె వంటింట్లో గుడ్లు ఉడకబెడుతుంటే డ్రైవర్ బాషా రొట్టెల సంచి తెచ్చాడు. అతనిది రాయచోటి. ఆమెది పుల్లంపేట పక్కన పల్లె. అంతమాత్రానికే ఆమె అతనికి అక్క అయింది.

"అక్కా, ఈపొద్దు మామాకి పరీక్షంట గదా."

"నీకెవురు చెప్పినారు?"

"కార్లో ఆయేషా మేడం ఫోన్లో మాట్లాడతాంటే వింటి. ఆయమ్మ సొంతంగా లేసి నడిస్తే, ఇంగ నీ ఇకామా రెన్యువల్ చేసే పని లేదంట. ఇంటిపనికి ఆ ఇంగో పనిమనిషి ఇష్రత్ ఉండాదిగా."

రత్తమ్మ గుడ్ల గిన్నె కింద మంట తగ్గించింది.

"నీకు బుద్ధి ఉంటే ఇన్నాళ్లూ రోజుకో చుట్టు తగ్గిచ్చాంటివి," అన్నాడు బాషా. "ఊర్లో గొడ్డును తోలినట్టు తోల్తివి ఆయమ్మను."

"గమ్మునుండ్రా. ముసిలి మనిషి కాళ్లకు అడ్డం పడమంటావా నన్ను?"

"అడ్డం పడమన్లేదక్కా. కొంచెం నిదానంగా పొమ్మంటాండా. ఈపొద్దు ఆ గడ్డం ఎత్తాకు, అంతే. ఎవురికి తెలుచ్చాది?"

ఆమె గుడ్లు తీసి చన్నీళ్లలో వేసింది. అతను ఒక రొట్టె విరిచి నోట్లో పెట్టుకొని పోయాడు.

పద్దెనిమిదేళ్లలో మూడు ఇళ్లు. మొదటి ఇంట్లో అయిదుగురు పిల్లలు, పద్నాలుగు గదులు. ఆ ఇంటావిడకు కర్రతో తుడిస్తే నచ్చేది కాదు, మోకాళ్ల మీద వంగి గుడ్డతోనే తుడవాలి. ఏడేళ్లు అలా తుడిచింది. రెండో ఇంట్లో మెట్లు. మూడో ఇల్లు ఇదే. పాస్‌పోర్టులో ఆమెకు యాభై రెండు. ఉన్న వయసుకు ఏజెంటు ఆరేళ్లు తగ్గించి రాయించాడు. మోకాళ్లు మాత్రం ఆ లెక్కకు ఒప్పుకోలేదు. పొద్దున మంచం దిగేటప్పుడు ఆమె గోడ పట్టుకుంటుంది. నేల మీద కూర్చుని ఏడాది దాటింది.

మొగుడు పోయాక ఊళ్లో ఆమెకు మిగిలింది తమ్ముడి ఇల్లు. తమ్ముడు మంచివాడు, మరదలు కూడా మాట తూలే మనిషి కాదు. ఆ ఇంట్లో మరుగుదొడ్డి కింద కూర్చునే రకం. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం నమాజు తరువాత జెస్సీ వచ్చింది. ఆమెది చీరాల. వారానికోసారి ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించే నర్సు. ఆయేషా ఆఫీసులో సెలవు పెట్టి ఉంది. చేతుల్లేని కుర్చీని హాలు మధ్యలో వేసి, పెద్దావిడను కూర్చోబెట్టి, రెండు చేతులూ గుండెల మీద కట్టించారు. చెయ్యి ఊతం లేకుండా అయిదుసార్లు లేవాలి. తరువాత తివాచీ చివరిదాకా ఒంటరిగా నడిచి రావాలి.

"రెడీ," అంది జెస్సీ, గడియారం చూస్తూ.

పెద్దావిడ లేవలేదు. ఆవిడ చూపు కూతురి మీది నుంచి జారి, తలుపు దగ్గర నిలబడ్డ రత్తమ్మ మొహం మీద ఆగింది.

రత్తమ్మ ఆ కళ్లలోకి చూసింది. బయట కారు తుడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. నేల వైపు చూస్తే చాలు, ఇంకో ఏడాది. పట్టుకుని లేచే మరుగుదొడ్డి, గోడ పక్కన మంచం, పొద్దున పదిహేను చుట్లు. జెస్సీ మళ్లీ "రెడీ అమ్మా" అంది. కొత్త బడిలో దిక్కులు చూసే పిల్లలా ఉంది ఆవిడ.

రత్తమ్మ గడ్డం ఎత్తింది.

పెద్దావిడ అయిదుసార్లు లేచింది. తివాచీ చివరిదాకా నడిచి, తిరిగి వచ్చింది. ఆయేషా ఏడుస్తూ తల్లి నుదుటిని ముద్దు పెట్టుకుంది.

"ఇప్పుడు మీరు రండి రత్తమ్మగారూ," అంది జెస్సీ నవ్వుతూ. "ఇన్నాళ్లూ అమ్మగారికి చేసి చూపించింది మీరే కదా. ఎన్ని సెకన్లో చూద్దాం."

"నాకెందుకులేమ్మా."

"రండి రండి, సరదాకి."

రత్తమ్మ కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకుంది. ముందుకు వంగింది. లేవలేదు. మళ్లీ వంగింది. చేతులు వాటంతటవే విడిపోయి మోకాళ్లను పట్టుకున్నాయి. ఇన్నాళ్లూ చేసి చూపించేటప్పుడు పక్కనున్న బల్లను పట్టుకునే లేచేదని అప్పుడే ఆమెకు కూడా తెలిసింది. ఆయేషా నవ్వింది. పెద్దావిడ నవ్వలేదు. తడబడకుండా నాలుగడుగులు నడిచి వచ్చి, ఎదురుగా నిలబడి, రత్తమ్మ వైపు చూస్తూ గడ్డం పైకెత్తింది.

రత్తమ్మ ఇంకోసారి ప్రయత్నించింది. కుర్చీ కిర్రుమంది. జెస్సీ గడియారం పక్కన పెట్టి వచ్చి, మాట్లాడకుండా ఆమె మోచెయ్యి పట్టి లేపింది.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?" అని తగ్గు గొంతుతో అడిగింది.

"వయసు గదమ్మా."

"వయసు ఒక్కటే కాదండీ. మీరూ రోజూ చేయాలి. ఊళ్లో ఎవరినైనా ఎదురుగా నిలబెట్టుకుని చేయండి, పడిపోకుండా."

"ఎవురిని నిలబెట్టుకునేది తల్లీ," అంది రత్తమ్మ, నవ్వి. జెస్సీ కాగితాలు సర్దుకోవడంలో పడింది.

సాయంత్రం ఆయేషా ఆమె రెండు చేతులూ పట్టుకుంది. మనసులో మాటే చెప్పింది. నువ్వు మా అమ్మను నిలబెట్టావు, ఇక నువ్వు కూడా ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకో, చాలా కష్టపడ్డావు అంది. రత్తమ్మ తల ఊపి, పెద్దావిడకు పెరుగు గిన్నె తీసుకుపోయింది.

తొమ్మిదో రోజు పొద్దున ఎగ్జిట్ కాగితంతో ఆమె వెళ్లిపోయింది. ఆయేషా కొనిచ్చిన మెత్తటి బూట్లు వేసుకుంది. బాషా పెట్టె కారులో పెట్టాడు, ఆ రోజు అతను ఎగతాళి చేయలేదు. కారు ఎక్కడానికి ఆమె తలుపును రెండు చేతులా పట్టుకోవలసి వచ్చింది. పెద్దావిడ గుమ్మంలో ఏమీ పట్టుకోకుండా నిలబడి చూసింది. కారు మలుపు తిరిగాక ఆవిడ ఒక్కతే వాకిట్లోకి దిగి, మడుగు దగ్గర ఆగి, లోపలికి పోయింది.

వంటింటి వెనక మెట్టు మీద రత్తమ్మ నడకకు మాత్రమే వేసుకునే నీలం రబ్బరు చెప్పులు ఉండిపోయాయి. వేళ్ల దగ్గర అరిగి అరిగి కాగితమంత పల్చబడ్డాయి. మడమల కింద మాత్రం, కొన్ననాటి గళ్లు ఇంకా అలాగే ఉన్నాయి.