ఎనిమిది వందల కుదుళ్లు

మధ్యాహ్నం మూడు దాటింది. పొద్దున తొమ్మిదింటికి వంచిన నడుము ఆమె ఇంకా నిటారుగా ఎత్తలేదు. మంచం మీద పడుకున్న మనిషి తల వెనక నుంచి తీసిన వెంట్రుకల కుదుళ్లను పట్టకారుతో ఒక్కొక్కటే పట్టుకుని, నుదుటి పైన పొడిచిన సన్నటి గాట్లలోకి, నారు నాటినట్టు నాటాలి. ఇప్పటికి పదమూడు వందలు నాటింది. డాక్టరు పొద్దున ఆ నుదుటి మీద పెన్నుతో ఒక గీత గీసి, పది నిమిషాలుండి ఇంకో క్లినిక్‌కి వెళ్లిపోయాడు. మిగతాదంతా ఆమె పనే. జీతం మాత్రం రిసెప్షన్‌లో నవ్వుతూ కూర్చునే అమ్మాయి కంటే తక్కువ.

ఆ మనిషికి నలభై నాలుగేళ్లు. చెప్పుల షాపులో పంతొమ్మిదేళ్లు సేల్స్‌మన్‌గా చేశాడు. పాదం చూస్తే చాలు, సైజు చెప్పేస్తాడు. కొత్త ఓనరు వచ్చి, కుర్రవాళ్లను ముందు నిలబెట్టి ఇతన్ని ఇంటికి పంపేశాడు. ఆ తర్వాత ఏడు షాపులు తిరిగాడు.

“మా అమ్మ అనేది సిస్టర్, బట్టతల వాడికి కలిసొస్తుందని. ఏం కలిసొచ్చింది నా మొహం! మొన్నొక షాపులో ఉద్యోగానికొచ్చానంటే, అక్కడి కుర్రాడు ‘అయ్యో, కస్టమరనుకున్నాను అంకుల్’ అన్నాడు.”

ఆమెకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

“పదిహేనో తారీఖున ఇంకో ఇంటర్వ్యూ ఉంది. పెద్ద షాపు. అప్పటికి కాస్త నిండుగా కనిపిస్తుంది కదా?”

ఆమె చెయ్యి ఆగింది. పదిహేనో తారీఖుకి ఇంకా పన్నెండు రోజులే. అప్పటికి ఈ నెత్తి మీద ఉండేది చెక్కులు కట్టిన ఎర్రదనమే. మరికొన్ని వారాల్లో నాటిన వెంట్రుకలు కూడా రాలిపోతాయి. మళ్లీ మొలిచి నిండుగా కనిపించాలంటే ఏడాది. క్లినిక్ బయట గోడ మీది ప్రకటన బొమ్మ కింద మాత్రం ‘కొత్త జుట్టు, కొత్త ఉద్యోగం’ అని రాసి ఉంది. పేషెంట్లతో ఎక్కువ మాట్లాడొద్దని చేరిన రోజే చెప్పారు.

అంతలో మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు.

“అక్కా, ఇంకో ఎనిమిది వందల కుదుళ్లు తీసెయ్. సారు పెద్ద ప్యాకేజీ తీసుకున్నారు.”

“వెనకాల ఇంక తీయడానికి లేదండీ. పొద్దున్నే పలచగా ఉంది. ఇంకా తీస్తే మచ్చలు మచ్చలుగా బయటపడుతుంది.”

“డాక్టరు గారితో మాట్లాడాను, తియ్యమన్నారు.”

“అయితే ఆయన్నే వచ్చి తియ్యమనండి.”

మంచం మీది మనిషి కంగారుగా తల ఎత్తబోయాడు. “తీసెయ్యండి సిస్టర్! వెనకాల ఎలా ఉంటే ఎవడు చూస్తాడు? ముందు బాగుంటే చాలు!”

“విన్నావుగా? ఆయనకి లేని బాధ నీకెందుకక్కా?”

ఆమె పట్టకారు పళ్లెంలో పెట్టింది. “అన్నా, పదిహేనో తారీఖుకి ఏమీ రాదు. పుండ్లతో వెళ్తారు. తర్వాత ఇవి కూడా రాలతాయి. మళ్లీ నిండుగా రావాలంటే ఏడాది పడుతుంది. ఇప్పుడు వెనకాలది కూడా ఊడబీకితే ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను తియ్యను.”

మేనేజరు ముఖం నల్లబడింది. “ఇవాళ్టితో నీకిక్కడ సరి,” అని, ఫోను చెవికి ఆనించుకుని బయటికి వెళ్లిపోయాడు.

అతను పైకప్పు కేసి చూశాడు. కృతజ్ఞతగా ఏదో అంటాడనుకుంది ఆమె.

“ఏడాదా?” అన్నాడు. “ఈ సంగతి పొద్దున ఎందుకు చెప్పలేదమ్మా? మొదటిది తియ్యకముందు నోరెందుకు రాలేదు?”

ఇక్కడ చేరిన ఈ రెండేళ్లలో ఆమె ఎందరి నెత్తుల మీద ఇలాగే నోరు మూసుకుని వంగిందో లెక్క కూడా లేదు.

పొద్దున తీసిన కుదుళ్లు పళ్లెంలో, చల్లటి నీళ్లలో, ఇంకో నూట ఇరవై దాకా ఉన్నాయి. ఆలస్యమైతే చచ్చిపోతాయి.

“ఇవి నాటేసి వెళ్తాను,” అంది. “కదలకండి.”

అతను కదల్లేదు. కళ్లు మాత్రం మూసుకోలేదు. ఆమె వంగినంతసేపూ, తలకిందులుగా, ఆమె ముఖంలోకే చూస్తూ ఉన్నాడు.