ఒక్క మాట

సారయెవోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందని మెర్సిహా చెప్పగానే వాళ్ల నాన్న రాగిబ్ నోటి నుంచి వచ్చిన మొదటి మాట, “హిల్మో మాట నిలబెట్టుకున్నాడు.”

హిల్మో అంటే మునిసిపాలిటీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. మా జెనిత్సాలో ఆయనకు తెలియని గుమ్మం లేదంటారు. పైవాడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదన్నది మిగతా ఊళ్ల సంగతి. మా ఊళ్లో ఆ ఆజ్ఞకు కూడా వెనకాల ఎవరో ఒకరు ఉండాలి. దాన్ని ష్టెలా అంటాం. ఆసుపత్రిలో మంచం దొరికినా ష్టెలాయే, బడిలో చీపురు పట్టే పని దొరికినా ష్టెలాయే. అది లేకుండా ఏదైనా దొరికిందంటే, దొరికినవాడు అబద్ధమైనా చెబుతూ ఉండాలి, అమాయకుడైనా అయి ఉండాలి.

ఆ చలికాలమంతా మెర్సిహా వంటింటి బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. అమ్మ పిండి కలుపుకోవడానికి చోటు లేక విసుక్కునేది. ఇంటర్వ్యూలో ఇచ్చిన లెక్కకు ఆమె ఒక తేలిక దారి కనిపెట్టింది. అడిగినాయన తన కుర్చీ ముందుకు జరుపుకుని మరోసారి చెప్పమన్నాడు. ఆ కుర్చీ జరిగిన చప్పుడును దారి పొడవునా బస్సులో తలుచుకుంటూ వచ్చింది. నాన్నతో చెప్పాలనుకున్నది అదే.

“నువ్వు చదువుకున్నావు, కాదనను. కానీ చదువుకున్నవాళ్లు ఎంతమంది లేరురా?” అన్నాడు రాగిబ్. ఉక్కు ఫ్యాక్టరీలో ఒళ్లు కాల్చుకున్న మనిషి, కూతురి కోసం హిల్మో ఉండే కొండ వీధి ఎక్కి, ఒక్క మాట ఎవరి చెవినైనా వెయ్యమని బతిమాలి వచ్చాడట. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది. మెర్సిహా కుర్చీ సంగతి లోపలే దాచుకుంది.

ఆ ఆదివారం కాఫీపొడి, చక్కెర బిళ్లల పెట్టె పట్టుకుని ఇద్దరూ హిల్మో ఇంటికి వెళ్లారు. ఆయన ఇబ్బందిగా కదిలాడు.

“నేనేం చేశానయ్యా రాగిబ్? ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. పిల్లే తెచ్చుకుంది.”

రాగిబ్ నవ్వి కూతురి వైపు కన్ను గీటాడు. “విన్నావా? పెద్దవాళ్లు ఇలాగే మాట్లాడతారు.”

హిల్మో మళ్లీ ఏదో అనబోయాడు. ఈలోగా ఆయన భార్య పొట్లం అందుకుని లోపలికి తీసుకెళ్లిపోయింది. ఇంటికొచ్చినవాళ్లు తెచ్చింది వద్దంటే వాళ్ల ముఖాన తలుపు వేసినట్టే కదా. మెర్సిహాకు మాత్రం ఆ పొట్లం లోపలికి వెళ్లడమే సాక్ష్యమైంది. ఏమీ చేయనివాడు ఎందుకు పుచ్చుకుంటాడు? “థాంక్స్ బాబాయ్” అంది. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

ఆ తర్వాత ఆమెకు బాధేమీ కలగలేదు. బాధ కలిగినా బాగుండేది. రోజూ బస్సెక్కేది, పని చేసేది, బస్సు దిగేది. ప్రోగ్రాంలో ఎవరికీ కొరుకుడు పడని తప్పును పట్టుకున్న రోజు అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు హిల్మోకు చేరాల్సిన ఉత్తరం పొరపాటున తన డబ్బాలో పడ్డట్టు అనిపించింది. మీటింగుల్లో నోరు విప్పేది కాదు. దొడ్డిదారిన వచ్చినవాళ్లు ముందు గదిలో కూర్చుని కబుర్లు చెప్పకూడదని ఆమె లెక్క. ఇంట్లో అమ్మ కాల్చిన పొరల రొట్టె పీతా కూడా నమిలి మింగడమే తప్ప, ఉప్పుందో లేదో చెప్పగలిగేది కాదు.

మార్చిలో హిల్మో పోయాడు. రాగిబ్ కళ్లు తుడుచుకుంటూ, ఆ చెయ్యి వల్లే మనం అన్నం తింటున్నామన్నాడు. మెర్సిహా తలూపింది.

వేసవిలో పై అంతస్తు షెవాలా పిన్ని కాఫీపొడి పట్టుకుని దిగింది. ఆమె కూతురు బెల్కీసా అదే కంపెనీకి దరఖాస్తు పెట్టిందని, ఎవరికైనా ఒక్క మాట చెప్పమని అడిగింది. ఈమధ్యే పద్ధతి మార్చారు, పేర్లు తీసేసి జవాబులు దిద్దుతారు, నా మాట చెల్లదు అని మెర్సిహా చెప్పి చూసింది. “సరేలే, నువ్వు పైకేమీ అనకు, నాకు తెలీదా?” అని షెవాలా పొట్లం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మెర్సిహా ఎవరికీ చెప్పలేదు. నీతికి కట్టుబడి కాదు, నోరు తెరిచే ఓపిక లేక. వారం తిరక్కుండా దిద్దమని ఆమెకే కొన్ని జవాబులు పంపారు. దేని మీదా పేరు లేదు. ఒకదాని దగ్గర చెయ్యి ఆగింది. అందరూ చుట్టూ తిరిగి వచ్చిన చోటికి ఆ జవాబు అడ్డంగా నడిచి వచ్చేసింది. తెలియకుండానే మెర్సిహా కుర్చీ ముందుకు జరుపుకుంది. చాన్నాళ్ల తర్వాత ఆమెకు సంతోషం వేసింది. అన్నిటికంటే పైన పెట్టి పంపింది.

ఆ జవాబు బెల్కీసాదని ఉద్యోగం ఖాయమయ్యాక తెలిసింది. దిద్దింది తన కూతురేనని రాగిబ్ పై అంతస్తుకు వెళ్లి మరీ చెప్పొచ్చాడు.

ఆదివారం తల్లీకూతుళ్లు పాకంలో నానిన హుర్మాషిత్సలు డబ్బా నిండా పెట్టుకుని వచ్చారు. బెల్కీసా సోఫా అంచున కూర్చుంది. ఏదో అడగాలని, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని చూస్తోంది. ఆ చూపు మెర్సిహాకు బాగా తెలుసు. ఈ పిల్లకు నిజం చెప్పి తీరాలనుకుంది.

“బెల్కీసా, నేను ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. నువ్వే తెచ్చుకున్నావు. పేర్లు లేని జవాబుల్లో నీదే మొదటిది.”

షెవాలా నవ్వి కూతురి మోచేతిని పొడిచింది. “జవాబులు దిద్దింది ఎవరో అడగవే.”

రాగిబ్ సోఫాలో వెనక్కి వాలి, గర్వంగా బెల్కీసా వైపు కన్ను గీటాడు. “పెద్దవాళ్లు ఇలాగే మాట్లాడతారమ్మా.”

బెల్కీసా పెదాల మీద నవ్వు అలాగే ఉంది. కళ్లలో మాత్రం ఆరిపోయింది.

అప్పుడు తట్టింది మెర్సిహాకు. హిల్మో ఆ రోజు నిజమే చెప్పాడు. ఉన్నదున్నట్టు, ఇవే మాటల్లో. ఆ కుర్చీ జరిగింది తన కోసమే. ఇన్నాళ్లూ తాను తిన్నది తన తిండే. ఎగిరి గంతేయాల్సిన సంగతి. సంతోషం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. ఎదురుగా ఆ పిల్ల కూర్చుని ఉంది.

“నిజంగానే చెబుతున్నా,” అంది మళ్లీ. షెవాలా ఇంకా గట్టిగా నవ్వింది.

“తీసుకోరా, కాదంటే బాగోదు,” అన్నాడు రాగిబ్.

మెర్సిహా డబ్బా అందుకుంది.

“థాంక్స్ అక్కా,” అంది బెల్కీసా. ఆ గొంతు మెర్సిహాకు కొత్త కాదు.