రోష్‌వాల్‌లో హైమ

శనివారం పొద్దున తొమ్మిదింటికి కర్టెన్లు మూసి స్లయిడ్ ప్రొజెక్టర్ ముందు కూర్చున్న ఆదిశేషు మధ్యాహ్నం రెండైనా లేవలేదు. కూతురు సుమతి పెట్టిన టోస్టు పక్కనే అట్టలా బిగుసుకుపోయింది. మర్నాడు హైమ సంవత్సరీకం. శాంటా క్లారా చుట్టుపక్కల తెలుగువాళ్ళు ముప్పైమంది దాకా భోజనానికి వస్తారు. శాస్త్రులుగారు ఫ్రీమాంట్ నుంచి ఎనిమిదింటికల్లా దిగుతారు. దండ వెయ్యడానికి హైమ ఫోటో ఒకటి కావాలి.

అసలు ఫోటోయే లేదా అంటే, ఉంది. పాస్‌పోర్ట్ ఫోటోని పెద్దది చేయించి, ఫ్రేమ్ కట్టించి సుమతి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. ఆదిశేషు దాన్ని బోర్లా తిప్పేశాడు. అందులో హైమ ఎవరో కసిరినట్టు బిక్కమొహం వేసుకుని ఉంది. ఇరవై ఏళ్ళు కాపరం చేసిన మనిషి అలాగా ఉండేది? పెళ్ళి ఫోటోలో చూద్దామంటే తల వంచుకుంది, బాసికం తప్ప ఏమీ కనపడదు. స్నేహితుల ఆల్బమ్‌లన్నీ తిరగేస్తే పుట్టినరోజు పార్టీల్లో, వెనక వరసలో, గరిటె పట్టుకుని సగం మొహంతో తేలింది.

ఇంట్లో మూడు కెమెరాలు పెట్టుకున్న మగవాడు పెళ్ళానికి ఒక్క ఫోటో తియ్యలేదా అని మీరడగచ్చు. తియ్యలేదండీ. నేను చెప్పబోయేది అదే.

మనవాళ్ళ ఫోటోల సంగతి తెలిసిందే కదా. గ్రాండ్ కాన్యన్‌కి వెళ్ళినా, గోల్డెన్ గేట్‌కి వెళ్ళినా ఇంటిల్లిపాదీ వరసగా నిలబడి వెనకున్నదాన్ని కాస్తా కప్పేస్తారు. ఆదిశేషుకి ఆ అలవాటంటే ఒళ్ళు మంట. ఆయన కెమెరా క్లబ్బు మెంబరు మరి! "కోటని చూడ్డానికి వెళ్ళి మన మొహాలు తీసుకోవడమేంటండీ? మొహాలు చూసుకోడానికి ఇంట్లో అద్దాలు లేవా?" అని ప్రతి పార్టీలోనూ వెక్కిరించేవాడు. హైమ పక్కనే కూర్చుని నవ్వేది.

ఎనభై మూడు సెప్టెంబరులో ఆయన కంపెనీ పని మీద ఫ్రాన్స్ వెళ్తుంటే హైమ తనూ వస్తానని పట్టుబట్టింది. పనయ్యాక ఇద్దరూ దక్షిణాన రోష్‌వాల్ అనే పల్లెటూరికి వెళ్ళి, ఒక ముసలమ్మ ఇంట్లో మేడ మీద గది తీసుకుని ఆరు రోజులున్నారు. అమెరికా వచ్చిన పదహారేళ్ళలో వాళ్ళిద్దరే కలిసి సరదాకి వెళ్ళిన ఊరు అదొక్కటే. ఆ ఆరు రోజులూ హైమ ఎంత సంతోషంగా ఉందో ఆయన కళ్ళారా చూశాడు. తిరిగొచ్చిన మూడో నెలలో, డిసెంబరులో ఒక మంగళవారం, తలనొప్పంటూ వంటింట్లో కూలబడిన హైమ మళ్ళీ లేవలేదు. డాక్టర్లు జబ్బు పేరు చెప్పేసరికే అంతా అయిపోయింది.

ఆ సంతోషంగా ఉన్న హైమ కావాలి ఆయనకి. రోష్‌వాల్ స్లయిడ్లు నూట నలభై ఉన్నాయి. ఒక్కదాంట్లో, ఏ మూలనో, పొరపాటునైనా పడి ఉండదా? దొరికితే రేపు ఈ గోడ మీదే వేస్తాడు. ఫ్రేమూ వద్దు, ఏమీ వద్దు.

క్లిక్. కొండ మీద కూలిన కోట. కోట మెట్ల మీద హైమ కూర్చుని, "ఏమండీ, ఇక్కడ నన్నొక్కటి తియ్యరూ? సుమతికి చూపిద్దాం" అంది. "ఖాళీ మెట్లయితేనే అందం. తప్పుకో" అన్నాడు. మెట్లు ఖాళీగానే ఉన్నాయి. చాలా అందంగానే ఉన్నాయి.

క్లిక్. మూడు కమానుల రాతి వంతెన. రోమన్లు కట్టారని ఊరివాళ్ళంటారు, కాదు ఇంకా తర్వాత కట్టిందేనని చర్చి ఫాదర్ అన్నాడు. పిట్టగోడ మీద చెయ్యి ఆనించి హైమ ఏట్లోకి చూస్తూ ఉంటే ఆ చెయ్యి తియ్యమన్నాడు. ఇప్పుడు స్లయిడ్ బయటికి తీసి, దీపానికెత్తి, భూతద్దంతో ఒక్కొక్క రాయీ వెతికాడు. చెయ్యి లేదు.

క్లిక్. ఏటి ఒడ్డున పెంకుల కప్పు కింద పాత చాకిరేవు. వందల ఏళ్ళు బట్టలు ఉతికి ఉతికి రాళ్ళు నున్నగా అరిగిపోయాయి. హైమ అక్కడ గంటసేపు కూర్చుని ఇంటి ముసలమ్మతో తెలుగులో కబుర్లు చెప్పింది. ముసలమ్మ ఫ్రెంచిలో జవాబులిచ్చింది. ఏం అర్థమైందో ఏమో, ఇద్దరూ పడీపడీ నవ్వారు. అదీ చూసి కూడా ఈ మహానుభావుడు, "వెలుతురు పోతోంది, లేవండి లేవండి" అని ఇద్దర్నీ లేపేశాడు. ఇప్పుడు నీళ్ళలో హైమ నీడైనా పడిందేమోనని కళ్ళు మంటలెత్తేదాకా చూశాడు. పెంకుల కప్పు నీడ పడింది, అంతే.

క్లిక్. తెల్లటి సున్నపురాయి లోయ. క్లిక్. ఎండిన పొద్దుతిరుగుడు చేలు. క్లిక్. దూలాల కప్పు వేసిన పాత సంత పాక. ఎక్కడా మనిషి పొడ లేదు. అంత శుభ్రంగా తీశాడు మరి! "దేవుడా, కొంగైనా కనపడనీ, చెప్పులైనా కనపడనీ" అని పైకే అనేశాడు. ఆయన గొంతు విని ఆయనకే భయం వేసింది.

సుమతి లోపలికొచ్చి లైటు వేసింది. పదిహేడేళ్ళ పిల్ల.

"డాడీ, ఇనఫ్. నువ్వు ఇది మూడు టైమ్స్ చూశావ్. మమ్మీ లేదు అందులో."

"ఉంటుందమ్మా. ఎక్కడో ఉంటుంది."

"శశికళ ఆంటీ ఇంట్లో షో పెట్టావ్ కదా లాస్ట్ ఇయర్? ఆంటీ అడిగింది, హైమ ఏది అని. నువ్వేం చెప్పావ్?"

ఆదిశేషు ప్రొజెక్టర్‌కేసి తిరిగాడు. ఏం చెప్పాడో గుర్తులేక కాదు. "హైమ రోజూ ఇంట్లో కనపడుతూనే ఉందిగా, కోట రోజూ కనపడుతుందా?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు, హైమతో సహా. అది అక్టోబరు నెలాఖరు. ఆ తర్వాత రోజూ కనపడ్డది ఆరు వారాలే.

"తిట్టమ్మా, పడతాను. కానీ లైటు ఆర్పు" అన్నాడు. సుమతి ఆర్పి, వెళ్ళకుండా తండ్రి పక్కన నేల మీద కూర్చుంది.

క్లిక్. ఊరికి మైలు దూరంలో ఉన్న పాడుబడ్డ మఠం. సన్నటి జంట స్తంభాల వరండా, వాటి మధ్యనుంచి నేల మీద పడ్డ ఎండ. ఈ స్లయిడ్‌కే కెమెరా క్లబ్బులో రెండో బహుమతి వచ్చింది.

"ఇది స్మాల్‌గా ఉందేంటి, డాడీ?" అంది సుమతి. "ఈ సైడ్ అంతా బ్లాక్."

నిజమే. కుడి పక్క బొమ్మ ముందే ఆగిపోయి, ఆ తర్వాతంతా నలుపు. బహుమతి వచ్చినప్పట్నుంచీ అలాగే చూసి చూసి ఆయన కంటికి అది ఆనలేదు. ఆదిశేషు తటాలున లేచాడు. క్లబ్బులో అందరూ చేసే పనే అది. పోటీకి పంపే ముందు అంచున ఏదైనా అడ్డం వస్తే అంతమేరా ఫిల్ము మీద వెండి టేపు అంటించి మూసేస్తారు. ఆ రోజు తనూ అంటించాడు. అంచున అడ్డం వచ్చిందేమిటో ఇప్పుడు గుర్తొచ్చింది.

"నేనే మూసేశాను సుమతీ! నా చేత్తో నేనే!"

వంటింట్లో దీపం కింద స్లయిడ్ అట్ట విప్పారు. గోరంత వెడల్పు టేపు, ఏడాది పైగా ఎండి ఫిల్ముని కరుచుకుని ఉంది. సుమతి గబగబా గోళ్ళరంగు తుడిచే సీసా తెచ్చింది. "వద్దొద్దు! ఫిల్మే కరిగిపోతుంది!" అని ఆదిశేషు కేకేశాడు. రంగులున్న వైపు అంటించి ఉంటే, లాగితే టేపుతోపాటు హైమా ఊడొస్తుంది. నున్నగా మెరిసే వైపైతే బతికినట్టే. ఏ వైపు అంటించాడో ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. ఫిల్ముని వాలుగా పట్టుకుని చూద్దామంటే కళ్ళ నిండా నీళ్ళు. సుమతి లాక్కుని దీపానికి అడ్డంగా వాల్చి చూసింది.

"షైనీ సైడ్, డాడీ. ఐ థింక్."

"థింకా? సరిగ్గా చూడమ్మా, నీకు దణ్ణం పెడతాను."

"షైనీయే. నువ్వు ముట్టుకోకు. నేను తీస్తా."

పట్టకారుతో టేపు కొస పట్టుకుని వెంట్రుకవాసి చొప్పున లాగింది. ఆదిశేషు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. హాస్పిటల్లో డాక్టరు బయటికొచ్చే ముందు కూడా ఇలాగే గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఎంతసేపయిందో తెలీదు.

"వచ్చింది" అంది సుమతి.

అట్టలో పెట్టి ప్రొజెక్టర్‌లో వేశారు. క్లిక్.

మఠం వరండా చివర హైమ ఉంది. దాల్చినచెక్క రంగు చీర, దాని మీద ఆయన స్వెటరు, కాళ్ళకి సుమతి పాత టెన్నిస్ షూస్. బొమ్మలోంచి బయటికి నడుస్తోంది. ఒక కాలు అప్పుడే అంచు దాటేసింది. నడుస్తూనే వెనక్కి తిరిగి కెమెరావైపు చూస్తోంది. మొహమంతా ఎండ, మొహమంతా నవ్వు, నోరు సగం తెరిచి ఉంది. ఏమంటోందో ఆదిశేషుకి తెలుసు. "చాలా అండీ? ఇంకా జరగనా?" అంది ఆ పూట. ఆయన జవాబు కూడా చెప్పలేదు, ఇంకా జరగమని చెయ్యి ఊపాడు.

"చాలు హైమా. జరగకు. ఇంక జరగకు" అంటూ ఆదిశేషు లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఆయన నీడ పెద్దదై గోడనంతా కమ్మేసింది. స్తంభాలూ పోయాయి, ఎండా పోయింది, హైమా పోయింది. చేతులతో గోడంతా తడుముకున్నాడు.

వెనకనుంచి సుమతి ఏడుస్తూనే అంది.

"డాడీ, నువ్వు అడ్డం వస్తున్నావ్. కొంచెం జరుగు."

ఆదిశేషు జరిగాడు.