మిల్లు గేటు ముందు గుండిగ

నేను ఒక ఇత్తడి గుండిగను. అజ్జరంలో సమ్మెట దెబ్బలు తిని పుట్టాను. చిలకలూరిపేట శివారులో ఉన్న మిల్లు కాలనీ మసీదువాళ్ళు నన్ను కొన్నారు. కాలనీలో ఎవరింట పెళ్ళయినా, చావయినా నన్నే దొర్లించుకుపోయేవారు. నాలో ఎవరు వండారని విందుల్లో ఆరా తీసినవాళ్ళున్నారు గాని, ఆకలివేళ అడిగినవాళ్ళను నేను చూడలేదు.

ఒక ఉదయం నూలు మిల్లు గేటుకు తాళం పడింది. ముందు ఒక్క మాట చెప్పినవాడు లేడు. కొద్దిరోజుల్లోనే కాలనీలో పొయ్యిలు ఆరిపోయాయి. మసీదు కమిటీ పెద్ద మస్తాన్ సాహెబు, చర్చి స్త్రీల సమాజం నుంచి సువార్తమ్మ, పొదుపు సంఘం ఆడవాళ్ళు ఒకచోట కూర్చున్నారు. గుండిగ మసీదుది, గ్యాసు పొయ్యి చర్చిది, బియ్యం పొదుపు సంఘం ఇంటింటా తిరిగి పోగుచేసింది. గేటు ఎదుటే వంట మొదలైంది.

బియ్యం అడుగంటే వేళకు ఊళ్ళోని సేవా క్లబ్బు వచ్చింది. "మేమూ మీతో కలుస్తాం" అన్నారు. బియ్యం బస్తాలు దించారు. సంతోషించాం. తర్వాత బ్యానరు దించి నా వెనకున్న గేటుకు కట్టారు. అందులో అన్నం మాట కన్నా కార్యదర్శి పేరే పెద్దగా ఉంది.

వరసలో నాగేంద్రం ఉంది. పెళ్ళికి ముందు నుంచీ ఆ మిల్లులో దారం తీసిన మనిషి. కెమెరా చూడగానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"కొంగు తియ్యమ్మా, మొహం పడాలి," అన్నాడు కార్యదర్శి.

"వద్దయ్యా. మా పిల్ల బళ్ళో చూత్తారు."

"అయితే పక్కకు జరుగు. ఫోటో దిగినోళ్ళకే ముందు."

ఆమె ఖాళీ గిన్నె చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది. నాకు ఒళ్ళు మండింది. కింద పొయ్యి మంట దాని ముందు ఏపాటిది!

సువార్తమ్మ నా మూత ధభీమని మూసింది.

"ఆ గిన్నె ఇట్టా తే నాగేంద్రం. అయ్యా, మీరు దీన్ని పట్టుకొని వరసలో నిలబడండి. అన్నం మేం పెడతాం, ఫోటో కూడా మేమే తీత్తాం. మీ పిల్లల బళ్ళో చూపిద్దాం."

కార్యదర్శి క్లబ్బువాళ్ళకు సైగ చేశాడు. బస్తాలు మళ్ళీ బండెక్కాయి. బ్యానరును మాత్రం నలగకుండా మడిచి పట్టుకెళ్ళారు.

"ఎంత పని చేశావమ్మా! రేపేం వండుతాం?" మస్తాన్ సాహెబు తల పట్టుకున్నాడు.

"ఏదో ఒకటి వండుదాం బాబాయ్. ఆ కూడు మాత్రం గొంతు దిగదు."

మర్నాడు నాలో పలచటి గంజి కాగింది. అదీ అందరికీ చాలలేదు. పసివాళ్ళు ఏడుస్తుంటే, పౌరుషానికి పోయి తప్పు చేశామా అని నాకే అనిపించింది. అప్పుడు నాగేంద్రం గట్ల వెంట కోసిన తోటకూర ఒడినిండా తెచ్చింది. "తినటానికే కాదక్కా, వండటానికీ వత్తా," అంది. ఆమె వెనకే మరికొందరు ఆడవాళ్ళు పొయ్యి దగ్గరికి వచ్చారు. శుక్రవారం మసీదులో, ఆదివారం చర్చిలో బియ్యం అడిగారు. మిరపకోతలకు వెళ్ళిన తల్లుల పిల్లల్ని పొదుపు సంఘం చూసుకుంది. ఇక వరస లేదు. వండింది క్యారేజీల్లో ఇళ్ళకు పోయేది. తలుపు వేసుకుని తినేవారు.

మిల్లు మళ్ళీ తెరుచుకోలేదు. తలా ఒక పనిలో కుదురుకున్నారు. నాగేంద్రం ఇప్పుడు బడిలో మధ్యాహ్న భోజనం వండుతోంది. నా అడుగు చిల్లుపడితే మసీదు వెనక వసారాలో బోర్లించారు. ఒళ్ళు చల్లబడింది గాని, కోపం చల్లారలేదు. ఆకలిగొన్న ఆడదాని ముఖం చూపించమన్నవాళ్ళను చూశాను. ఆ గేటుకు తాళం వేయించినవాడి ముఖం ఎలా ఉంటుందో కాలనీలో ఈనాటికీ ఎవరికీ తెలియదు.