అన్నిట్లోనూ అవే ఉండాలి

శేషగిరిగారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ముప్పై నాలుగేళ్ళు కేంద్ర సచివాలయంలో ఫైళ్ళు నడిపి, ఈ గురువారం పదవీ విరమణ చేయబోతున్న ఆ పెద్దమనిషికి ఉన్నట్టుండి ఒక కోరిక పుట్టింది. ఫోనులో ఏ యాప్‌లు ఉన్నాయో కొత్త లాప్‌టాప్‌లోనూ అవే ఉండాలి. అదే నోట్స్, అదే క్యాలెండర్, రాసినవన్నీ రెండింట్లోనూ కనబడాలి. అందుకోసమే లాప్‌టాప్ కూడా ఫోను కంపెనీదే కొన్నారు.

ఆదివారం పదిన్నరకు ఇందిరాపురం ఇంటి నుంచి, భార్య ఉమారాణి ఫోను తీసుకుని కూతురికి కాల్ చేశారు.

"అమ్మాయ్, అకౌంట్ అడుగుతోందే ఇది. మనింట్లో ఉంది కదా ఒకటి, అమ్మ టాబ్లెట్‌కి నీదే పెట్టావ్, అదే వాడేస్తా. కోడ్ నీ నంబరుకి వస్తుందట, చెప్పు."

నవ్యశ్రీ సివిల్స్ కోచింగులుండే ముఖర్జీ నగర్‌లో తన పీజీ గదిలో బట్టలు మడతపెట్టుకుంటోంది. ఏం ఆలోచించకుండా ఆరంకెలూ చెప్పేసింది. ఫోనుకొకసారి, లాప్‌టాప్‌కొకసారి.

"వేరే అకౌంట్ తీసుకోవచ్చుగా నాన్నా?"

"ఎందుకే? గదికో ఉప్పు డబ్బా పెట్టుకుంటామా? ఆఁ, వస్తున్నాయ్. పాతవి ముందు దిగుతున్నట్టున్నాయ్. ఇండియన్ పాలిటీ, ఫండమెంటల్ రైట్స్... ఇవన్నీ నీవేనా?"

 నవ్యశ్రీ మడతపెడుతున్న కుర్తా పక్కన పడేసింది.

అమ్మ టాబ్లెట్‌లోకి ఫోటోలు తప్ప ఇంకేమీ వెళ్ళకుండా తనే అప్పట్లో ఆపి పెట్టింది. ఇప్పుడు నాన్న అన్నీ తెరిచేశారు. నాలుగేళ్ళ చదువు నోట్సులన్నిటి మధ్యా, మొన్న రాత్రి రాసుకున్నది ఒకటుంది. పేరు 'నాన్నకు'. మేలో ప్రిలిమ్స్ రాయలేదనీ, ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మెట్రోలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ కూర్చున్నాననీ, ఫెయిలయ్యానని చెప్పింది అబద్ధమనీ, ఇక సివిల్స్ తన వల్ల కాదనీ అందులో ఉంది. గురువారం నాన్న సన్మానం అయ్యాక చూపించాలనుకుంది. ఆఫీసులో ఆయన సీటు దగ్గరకు వచ్చిన ప్రతివాడికీ అమ్మాయి ప్రిపరేషన్ గురించి చెప్పుకుని మురిసిపోయిన మనిషి. ఇవాళ చదివితే, ఆ పూలదండ వేసుకుని నలుగురిలో ఏ ముఖంతో నిలబడతారు?

"ఎకానమీ, బ్యాంకింగ్... అబ్బో, ఎంత రాశావే తల్లీ!" ఆయన గొంతులో గర్వం. అది వింటే నవ్యశ్రీకి ఏడుపొచ్చింది.

"నాన్నా, ఆపు. అన్నీ కలిసిపోతాయి. నావి నీకొస్తాయి, నీవి నాకొస్తాయి."



"నావి... నీకు కూడానా?"

"హాఁ నాన్నా, అకౌంట్ ఒకటే కదా."

"అచ్ఛా. ఒక్క నిమిషం ఉండమ్మా."

ఆ ఒక్క నిమిషమే చాలనుకుంది నవ్యశ్రీ. కాల్ స్పీకర్‌లో పెట్టి, నోట్స్ తెరిచి 'నాన్నకు' వెతికింది. దొరికింది. డిలీట్ నొక్కింది. ఒక దగ్గర తీసేస్తే అన్ని చోట్లా పోతుంది. నాన్న కోరిందీ అదేగా, అన్నిట్లోనూ అవే ఉండాలని!

"ఉన్నావా?" శేషగిరిగారి గొంతు మళ్ళీ వినబడింది, కాస్త రొప్పుతున్నట్టుగా. "మొత్తం నోట్సు తొమ్మిది వందల పన్నెండు అన్నది. ఇప్పుడు పదకొండు ఉండాలే... పది చూపిస్తోందేమిటి?"

జీవితమంతా ఫైళ్ళు లెక్కపెట్టిన మనిషికి ఒక్కటి తగ్గినా తెలుస్తుంది మరి.

"ఒకటే రెండుసార్లుంటే అదే తీసేస్తుంది నాన్నా." అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో, తనకే సిగ్గేసింది.

"ఓహో. ఠీక్ హై," అన్నారాయన. ఎప్పుడూ ప్రశ్న మీద ప్రశ్న వేసే మనిషి ఇంకేమీ అడగలేదు.

అప్పుడు గుర్తొచ్చింది నవ్యశ్రీకి. డిలీట్ చేసినవి వెంటనే పోవు. విడిగా ఒక ఫోల్డర్‌లో నెల రోజులు ఉంటాయి. ఆ ఫోల్డరూ నాన్నకు కనబడుతుంది. చప్పున దాన్ని తెరిచింది, ఖాళీ చేసేద్దామని.

తను తీసేసింది ఒకటి. అక్కడున్నవి రెండు.

రెండోదాని పేరు 'చి. నవ్యశ్రీ విషయం'. ఆఫీసు ఫైలులో లాగా అంకెలు వేసి మరీ రాసి ఉంది. కిరాణా జాబితాకి కూడా అంకెలు వేసే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే.

'1. పరీక్ష రోజున మధ్యాహ్నం విరామంలో అమ్మాయికి ఇద్దామని పులిహోర డబ్బాతో సెంటర్ గేటు దగ్గర నిలబడ్డాను. పిల్లలందరూ వచ్చారు. అమ్మాయి రాలేదు.

2. సాయంత్రం దాకా చూశాను. రాలేదు. రాత్రి ఫోనులో పేపరు కష్టంగా ఉందని చెప్పింది.

3. అడగవచ్చును. అడిగితే దాని చేత ఇంకొక అబద్ధం ఆడించినట్లవుతుంది.

4. ఉమకు తెలియపరచలేదు. పులిహోర పార్కులో నేనే తిన్నాను.

5. అమ్మాయి తానై చెప్పే వరకు ఈ విషయం పెండింగులో ఉంచడమైనది. ప్రతి ఆదివారం తిరిగి చూడవలెను.'

కింద వరసగా తేదీలు. అన్నీ ఆదివారాలే. ప్రతి తేదీ ఎదురుగా ఒకటే మాట: 'ఇంకా చెప్పలేదు.' పక్కన పొట్టి సంతకంగా 'శే.' మొత్తం పద్నాలుగు. చివరిది ఇవాళ్టిది, ఇంకా పూర్తి చెయ్యలేదు. తేదీ మాత్రమే ఉంది.

నవ్యశ్రీ దాన్ని మళ్ళీ మొదటి నుంచీ చదివింది. ఎండలో ఆ గేటు దగ్గర పులిహోర డబ్బా పట్టుకుని, బయటికొచ్చే ప్రతి ముఖాన్నీ చూస్తూ నిలబడ్డ నాన్న కళ్ళ ముందు కదిలారు. ఆ మధ్యాహ్నం తను చల్లటి మెట్రో బోగీలో కిటికీకి తల ఆనించి కూర్చుంది. సన్మానం ఎక్కడ పాడవుతుందో అని తను బెంగపడుతుంటే, ఆయన పద్నాలుగు ఆదివారాలుగా అన్నీ తెలిసే ఆఫీసులో అందరికీ అమ్మాయి చదువుతోందని చెబుతున్నారు. పరువు కాపాడింది ఆయనది కాదు, తనది. 

"అమ్మాయ్, లైన్లో ఉన్నావా?"

"ఉన్నా నాన్నా."

"అన్నీ సరిగ్గా వచ్చినట్టేగా? ఇంక పెట్టెయ్యనా?"

పెట్టెయ్ అంటే సరిపోతుంది. గురువారం దాకా ఎవరి నోట్సు వాళ్ళు దాచుకుని హాయిగా ఉండవచ్చు. ఇవాళ్టి తేదీ ఎదురుగా కూడా ఆయన 'ఇంకా చెప్పలేదు' అని రాసుకుంటారు, అంతే.

నవ్యశ్రీ రెండింటినీ ఎంచింది. మళ్ళీ తెప్పించమని నొక్కింది.

"నాన్నా, పెట్టకు. లెక్క మళ్ళీ చూడు."

 వెనకాల కుక్కర్ కూత, ఉమారాణి ఎవరితోనో హిందీలో కూరగాయల బేరం. తర్వాత శేషగిరిగారు చాలా నెమ్మదిగా అన్నారు.

"తొమ్మిది వందల పన్నెండమ్మా."

"పైనున్నవి రెండూ చూశావా?"

"ఒకటి నాది," అన్నారాయన. ఆ గొంతులో నేరం బయటపడ్డ పిల్లవాడి భయం. "నువ్వు చదివావా?"

"చదివాను. రెండోది నీకే నాన్నా."

"నాన్నకు, అని ఉంది."

"అదే."

"గురువారం అయ్యాక చూడమంటే చూస్తానే. నాకేం తొందర లేదు," అన్నారు శేషగిరిగారు. "తెరవమంటావా?"

నవ్యశ్రీ కళ్ళు తుడుచుకుంది. "తెరువు నాన్నా. ఇవాళ ఆదివారం కదా."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. "ఉమా," అని పిలిచారాయన, "నా కళ్ళజోడు ఇలా తీసుకురా. నువ్వూ వచ్చి కూర్చో."