గుండె గోడల్లో చేరినది

నాలుగు మెట్లెక్కితే చాలు, టైలరుకు ఆయాసం వచ్చేది. కాళ్లు నీరు పట్టి చెప్పులు బిగుతయ్యాయి. మొదట చూసిన డాక్టరు గుండె గోడలు మందంగా ఉన్నాయని, అది రక్తపోటు వల్లేనని మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే కళ్లు తిరిగేవి. ఒక మధ్యాహ్నం ఆయన కుట్టుమిషను మీదే వాలిపోయేసరికి భార్య పరుగున వచ్చి లేపింది. అదే తగ్గిపోతుందిలే అన్న ఆయన మాట ఇక వినదలుచుకోలేదు, పెద్దాసుపత్రికి లాక్కెళ్లింది.

అక్కడి గుండె డాక్టరమ్మ తొందరపడే మనిషి కాదు. స్కానింగునీ ఈసీజీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. కండ నిజంగా పెరిగితే ఈసీజీ గీతలు ఎత్తుగా లేవాలని, ఇక్కడ గోడలు లావుగా ఉన్నా గీతలు మరీ పొట్టిగా ఉన్నాయని, రెండింటికీ పొంతన కుదరడం లేదని అంది. తర్వాత చేతులు చూపించమంది. గుండె కోసం వస్తే చేతులతో పనేమిటో భార్యకు అంతుబట్టలేదు.

రెండు మణికట్ల దగ్గరా పాత ఆపరేషను మచ్చలున్నాయి. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే ఏళ్ల కిందట చేయించుకున్నాడు. కుట్టుపని వల్లేనని అప్పట్లో అందరూ అనుకున్నారు.

"ఇది పెరిగిన కండ కాదమ్మా. ఒంట్లోని ఒక ప్రొటీను గుండె గోడల్లో పేరుకుంటున్నట్టుంది. మణికట్లో నరాన్ని నొక్కిందీ అదే అయుండొచ్చు. గోడలు బిరుసెక్కి, రక్తం నిండడానికి సాగట్లేదు" అంది డాక్టరమ్మ.

"కాలరు బిరుసుగా నిలబడాలని లోపల బక్రం గుడ్డ వేసినట్టా?" అన్నాడు టైలరు.

ఆమె నవ్వేసింది. "అచ్చం అంతే. కానీ ఏం చేరిందన్న దాన్నిబట్టి గుండె తీరు మారుతుంది. ఇనుము చేరితే చాలామందికి గుండె వదులై ఉబ్బిపోతుంది. ఇంకో జబ్బులో చిన్న చిన్న వాపు గడ్డలు కట్టి, కొట్టుకునే లయే తప్పుతుంది. ఏం చేరిందో తేలకుండా మందు రాయను."

రక్తపరీక్షలూ మరో స్కానూ ఆమె అనుమానాన్నే ఖాయం చేశాయి. పాత మాత్రలు ఆపించి, నీరు తీసే మందూ, ప్రొటీను పేరుకోవడాన్ని నెమ్మదింపజేసే మందూ రాసింది. ఇప్పటికే చేరినదాన్ని కడిగెయ్యడం తన చేతిలో లేదని దాచకుండా చెప్పింది. ఆ నిక్కచ్చి మాటకే భార్యకు కొండంత ధైర్యం వచ్చింది.

కొన్నాళ్లకు కాళ్ల వాపు తగ్గింది. టైలరు పూటపూటా కాసేపు మిషను ముందు కూర్చుంటున్నాడు. కొలతలిచ్చేందుకు వచ్చినవాళ్లందరికీ భార్య డాక్టరమ్మ గురించే చెబుతుంది. ఎంత చెప్పినా ఆమెకు తనివి తీరదు. టైలరు నోట్లో గుండుసూదులు పెట్టుకుని, ఔనౌనని తలూపుతుంటాడు.